నా నవలలో చచ్చిపోయిన స్నేహితురాలు

నా మొదటి నవల అచ్చయి రాగానే తొలి ప్రతిని బద్వేలులో ఉన్న నా స్నేహితురాలికి పోస్టు చేశాను. పది రోజులైనా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. కర్నూలులో కలిసి చదువుకున్న రోజుల నుంచీ నన్ను ఏదో ఒకటి అననిదే దానికి ముద్ద దిగదు. అలాంటిది నోరు మూసుకుందంటే బాగా నొచ్చుకున్నట్టే.

తప్పు నాదే. బాంబులు పడే ఊళ్లో ఇద్దరు ఆడపిల్లల స్నేహం ఆ నవల. యుద్ధాన్ని నేను చూసింది టీవీలో. ట్యాంకు అంటే నాకు తెలిసింది మిద్దె మీది నీళ్ల ట్యాంకే. అందుకని కర్నూలు పాతబస్తీ సందులన్నీ ఎత్తుకెళ్లి ఆ ఊళ్లో పెట్టేశాను. ఆ ఇద్దరిలో ఒకతెగా నా స్నేహితురాల్నీ పెట్టాను. చివర్లో, చెప్పడానికి సిగ్గుగా ఉంది, చంపేశాను. పాఠకులు ఏడవాలి కదా!

ఇక లాభం లేదని బద్వేలు బస్సెక్కాను. తలుపు తీసి, "ఏమే, చంపింది చాలక నా దినానికి వచ్చినావా?" అంది. హమ్మయ్య, తిట్టింది!

"మళ్లీ అచ్చేసేటప్పుడు బతికిస్తాలేవే" అన్నాను.

"చంపితే చంపినావులే, దానికి కాదు. ప్రాణం పోయేదాకా అది స్నేహితురాలి చెయ్యి విడవలేదని రాసినావే, అది చదివినప్పట్నుంచీ నాకు శానా కష్టంగా ఉండాది. ఆ పొద్దు నేను విడిచినా గదే."

ఆ పొద్దంటే, మేం చదువుకునేటప్పుడు తుంగభద్ర పొంగి కర్నూలులోకి వచ్చిన రోజు. నడుములోతు నీళ్లలో ఇద్దరం చేతులు పట్టుకుని ఎత్తున్న మిద్దె వైపు నడిచాం. మధ్యలో చేతులు విడిపోయాయి. నేను కొట్టుకుపోయి ఒక స్తంభాన్ని కరుచుకుంటే, ఎవరో తాడేసి లాగారు. ఆ సంగతి మేము మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. అది ఎందుకు ఎత్తలేదో నాకు ఇప్పుడే తెలిసింది. నేనెందుకు ఎత్తలేదో మాత్రం మొదటి నుంచీ తెలుసు.

"నువ్వు విడవలేదే. నేనే పీక్కున్నా."

"ఎందుకు?"

"కొత్త చెప్పొకటి ఊడి తేలిపోతాంటే... పట్టుకుందామని."

నోరు తెరుచుకుని చూసింది. "చెప్పు కోసరమా? నా వల్లే నువ్వు చావబోయినావని నేను ఇన్నేండ్లు ఏడుస్తాంటే, చెప్పు కోసరమా?" అంటూ నవల తీసుకుని నా వీపు మీద బాదింది. అంత లావు పుస్తకం ఎందుకు రాశానా అని అప్పుడు బాధపడ్డాను. కానీ దెబ్బలకంటే సిగ్గే ఎక్కువ మండింది. ఒక్క మాట చెప్పుంటే దాని బరువు ఎప్పుడో దిగేది. నవ్వుతారని దాచాను.

కొట్టీ కొట్టీ అలిసిపోయి నా పక్కన కూలబడింది. కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది.

"దొరికిందా?"

"ఏది?"

"ఆ చెప్పు."

"లేదే."

"మంచి పనైంది" అంది.