హోజీ పిట్‌మన్ బొటనవేలు

మా గ్రేడీ బెండ్‌లో ఎవరి పిల్లాడు ఎంత జోరుగా పరిగెత్తుతాడో తెలియాలంటే కన్నతల్లిని అడిగి లాభం లేదు, హోజీ పిట్‌మన్‌ను అడగాలి. మనిషి గాలపు కర్రలా సన్నగా, కొంచెం వంగి ఉంటాడు. స్కూలు బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. భార్య ఒడెల్ పోయింది, పిల్లలు లేరు. మెడలో బూటు లేసుకి కట్టిన స్టాప్‌వాచీ ఒకటి ఎప్పుడూ వేలాడుతూంటుంది. ఆదివారం చర్చికి టై కట్టుకొస్తే ఆ టై కింద కూడా అదే ఉబ్బెత్తుగా కనబడుతుంది.

"పెట్టెలో పెట్టి పూడ్చేటప్పుడైనా దాన్ని తీస్తావా?" అని ఒడెల్ దెప్పేది.

"దేవుడి దగ్గరికి ఎంతసేపట్లో చేరానో చూసుకోవద్దూ?" అనేవాడు.

కుర్రతనంలో హోజీని పట్టుకోగలిగినవాడు ఈ మిసిసిపీ డెల్టాలోనే లేడని మా అమ్మ చెప్పేది. అప్పట్లో కాలేజీ వాళ్ళు వాచీలు పట్టుకుని తెల్లపిల్లల స్కూలుకి వచ్చేవారు. మా నల్లపిల్లల స్కూలు గేటు దాకా వచ్చినవాడు లేడు. "నన్నెవడూ కొలవలేదు ఎర్లీన్," అని నాతో ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత ఏ పిల్లాడికీ అలా జరగకూడదనుకున్నాడేమో, మొదటి జీతంతో ఆ వాచీ కొన్నాడు.

వసంతం వచ్చిందంటే మా స్కూలు మైదానం చెరువైపోతుంది. అందుకని పిల్లల్ని జిన్నింగు మిల్లు వెనక రోడ్డు మీద పరిగెత్తిస్తారు. నలభై గజాలకి ఆ చివరా ఈ చివరా తారుతో రెండు గీతలు. ఒక గీత దగ్గర పిల్లాడు, రెండో గీత దగ్గర హోజీ, రోడ్డుకి రెండు పక్కలా ఊరంతా. హోజీ చెప్పిన అంకె ఆ పిల్లాడి పేరుకి తోకలా అతుక్కుంటుంది. పెళ్ళిలో చెబుతారు, చావులో కూడా చెబుతారు.

ఆ అంకెల్లోకెల్లా గొప్పది కెంట్రెల్ సైక్స్‌ది. నాలుగు పాయింట్ నాలుగు సెకన్లు. ఆ రోజు అరుపులకి మిల్లు మీది పావురాలు సాయంత్రం దాకా వాలలేదు.

కెంట్రెల్ మా లావెర్న్ మనవడు. లావెర్న్ చేపల ఫ్యాక్టరీలో జెల్ల చేపలు కోసి కోసి రెండు మణికట్లూ పాడుచేసుకుని వాణ్ణి పెంచింది. వాడు పెద్ద కాలేజీలో మూడేళ్ళు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. బంతి చంకలో ఇరికించుకుని గోడల్లాంటి మనుషుల మధ్యలోకి తల దూర్చి పరిగెత్తే పని వాడిది, రన్నింగ్ బ్యాక్ అంటారు. మూడో ఏడు అయ్యేసరికి ఊరికి ఒకటే చర్చ. ఇంకో ఏడాది కాలేజీలో ఆడటమా, లేక ఇప్పుడే డ్రాఫ్ట్‌కి పేరిచ్చెయ్యడమా? పేరిస్తే ఏప్రిల్లో డబ్బిచ్చి ఆడించుకునే పెద్ద జట్లన్నీ వరసగా కూర్చుని పిల్లల్ని ఏరుకుంటాయి. ఏడు రౌండ్లు. గడువు దాటాక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఎవరూ ఏరుకోకపోయినా కాలేజీ జట్టులోకి మళ్ళీ రానివ్వరు.

శనివారాలు నేను మా కారు షెడ్డులో చేపలు వేయించి అమ్ముతాను. మొక్కజొన్న పిండిలో పొర్లించిన జెల్ల చేప, పక్కన స్పెగెట్టీ, రెండు తెల్ల రొట్టె ముక్కలు. తినేది కాసేపే, మిగతాదంతా వాగుడు. జనవరిలో ఆ వాగుడంతా కెంట్రెల్ గురించే. టైర్ల షాపు లెస్టర్ ఒక కొస, ఉత్తరాలు పంచే క్లీవ్ ఇంకో కొస.

"రెండో రౌండ్‌లో ఎగరేసుకుపోతారు, రాసిస్తాను," అన్నాడు లెస్టర్, నోట్లో ముల్లు తీసుకుంటూ.

"నీ రాత నువ్వే చదువుకోలేవు, మాకెందుకు రాసిస్తావులే," అన్నాడు క్లీవ్. "ఒరే లెస్టర్, నీ షాపుకి ఎవడో వచ్చి మూడేళ్ళు కంకర రోడ్డు మీద తిరిగిన టైరు అమ్ముతానంటే కొత్త టైరు ధర ఇస్తావా?"

"పిల్లాణ్ణి టైరంటావా!"

"నేననడం కాదురా, వాళ్ళంటారు. రన్నింగ్ బ్యాక్ అంటే వాళ్ళకి టైరే. అరిగేదాకా తిప్పి, ఇంకోటి బిగిస్తారు. వీణ్ణి కాలేజీ వాళ్ళే సగం అరగదీశారు."

"వాడి స్పీడో? నాలుగు పాయింట్ నాలుగు! టైరు పరిగెడుతుందా అలా?"

క్లీవ్ కారం సాసు సీసా తీసుకుని చేప మీద కుమ్మరించుకున్నాడు. హోజీ కేసి ఒకసారి చూసి, తల దించుకుని తినడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు అర్థమై కూడా అర్థం కానట్టు ఊరుకున్నాను.

ఇంతలో కెంట్రెల్లే వచ్చాడు. వాడొస్తే షెడ్డులో చోటు చాలదు, అంత భుజాలు. నేను పళ్ళెం ఇస్తే పట్టుకున్నాడు గాని తినలేదు. సరాసరి హోజీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బాబాయ్, ఒక్క మాట. కాలేజీలో కోచ్ ఇంకో ఏడాది ఉండమంటున్నాడు. ఏజెంటు వచ్చెయ్యమంటున్నాడు. నానమ్మ చేతులు చూశావుగా, ఇంకో ఏడాది ఆ కత్తి పట్టుకోలేదు. నువ్వు చెప్పు. నా టైము నిజమేనా?"

"వాచీకి నువ్వేమన్నా చుట్టానివా, అబద్ధమాడటానికి?" అన్నాడు హోజీ.

అంతే. వాడి మొహం విప్పారింది. చేప తీసుకుని రెండు కొరుకుల్లో తినేశాడు. సోమవారం పేరిచ్చేశాడు.

మార్చిలో కాలేజీ మైదానంలో జట్ల మనుషులందరి ముందూ వాణ్ణి పరిగెత్తించారు. అక్కడ బొటనవేళ్ళతో పనిలేదు, అంతా లేజరు కిరణాలే. నాలుగు పాయింట్ ఆరు దాటింది. మీకూ నాకూ అది కన్నార్పినంత తేడా. వాళ్ళ లెక్కలో అది రెండో రౌండుకీ ఇంటికీ ఉన్నంత తేడా.

ఊరు సాకులు వండింది. ఎదురుగాలి అన్నారు, కొత్త బూట్లన్నారు, కండ పట్టేసిందన్నారు. "ఆ లేజరు ఎవడు కనిపెట్టాడో గాని వాడికి మనమంటే గిట్టదు," అన్నాడు లెస్టర్. హోజీ ఒక్కడే ఏ సాకూ చెప్పలేదు.

ఆ శనివారమే హోజీ లెస్టర్‌ని అడిగాడు, "ఆ రోజు నువ్వు ఫోన్‌లో పట్టావు కదరా, కెంట్రెల్ పరుగు? చూపించు."

లెస్టర్ సంబరంగా చూపించాడు. హోజీ చూశాడు. మళ్ళీ వేయమన్నాడు. మళ్ళీ. నేను కూడా భుజం మీంచి తొంగి చూశాను. కెంట్రెల్ దూసుకొస్తున్నాడు, జనం ఎగురుతున్నారు, గీత దగ్గర హోజీ నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కెంట్రెల్ ఇంకా గీతకి రెండడుగుల అవతల ఉండగానే వాచీ మీద బొటనవేలు దిగిపోయింది.

హోజీ పళ్ళెంలో చేప చల్లారిపోయి నూనె తెల్లగా పేరుకుంది.

"నేను నొక్కేశాను," అన్నాడు. "వాడింకా రానేలేదు. చూడు, రాకముందే నొక్కేశాను."

"తెలుసు," అన్నాడు క్లీవ్ మెల్లగా.

"ఏం తెలుసు?"

"నీ వేలు సంగతి. ఎప్పుడూ అంతే. మనసు ముందు పరిగెడుతుంది నీకు. ఊరందరికీ తెలుసు బాబాయ్."

"తెలిసి నాకు చెప్పలేదా?"

"ఎలా చెప్పమంటావు? మా అబ్బాయి జెరోమ్‌కి కూడా అలాగే నొక్కావు. వాడికి కాలేజీ రాలేదు, ఏమీ రాలేదు. కానీ ఆ ఎండాకాలమంతా వాడు ఈ ఊళ్ళో తల ఎత్తుకు తిరిగాడు. ఆ తర్వాత మళ్ళీ వాడి తల అంత పైకి లేవడం నేను చూడలేదు. నీ వేలు నేనెలా పట్టుకోను చెప్పు?"

లెస్టర్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నేను నూనె మూకుడు వైపు తిరిగాను. నాకూ తెలుసు కదా మరి. నవ్వుకునేవాళ్ళం ఆడవాళ్ళమంతా, హోజీ వేలికి ప్రేమెక్కువని. ఊళ్ళో చెలామణీ అయ్యే నాణెం ఊరు దాటితే చెల్లదని ఎవరమూ అనుకోలేదు.

హోజీ టోపీ పెట్టుకుని లావెర్న్ ఇంటికి బయల్దేరాడు, కెంట్రెల్‌కి చెప్పెయ్యాలని. మూకుడు దించేసి నేనూ వెంట వెళ్ళాను. లావెర్న్ గుమ్మంలోనే ఆపేసింది. విన్నది, విని చేతులు కట్టుకుంది. ఆ చేతులు సరిగ్గా ముడుచుకోవు కూడా.

"గడువు దాటిపోయింది కదా హోజీ?"

"దాటిపోయింది."

"నువ్విప్పుడు చెబితే వాడు కాలేజీకి పోగలడా?"

"పోలేడు."

"మరి చెప్పి ఏం చేద్దామని? నీ గుండెలో బరువు వాడి గుండెలో దింపి నువ్వు హాయిగా పడుకుందామనా? ఏప్రిల్ దాకా పిల్లాణ్ణి నిద్రపోనీ. పో."

హోజీ మెట్లు దిగి మిల్లు రోడ్డు పట్టాడు.

డ్రాఫ్ట్ మొదటి రెండు రోజులూ ఎవరూ పెద్దగా ఆశపడలేదు. ఆశపడలేదని పైకి చెప్పుకున్నారు. మూడో రోజు శనివారం, లావెర్న్ పెరట్లో అందరం చేరాం. నా చేపలు అక్కడే వేయించాను, మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉడికించిన టమాలీలు చర్చిలో ఒకావిడ తెచ్చింది. టీవీని కిటికీలో పెట్టారు పెరట్లోకి కనబడేలా. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు, దాని మీద కెంట్రెల్ ఫోను. ఏ జట్టు ఏరుకున్నా ముందు ఆ ఫోనుకే చేస్తారు. అందుకని చుట్టాలందరికీ ముందే గట్టిగా చెప్పింది లావెర్న్, ఇవాళ దానికి ఎవరూ చెయ్యకూడదని.

నాలుగో రౌండ్ అయింది. అయిదు అయింది. వేరే రన్నింగ్ బ్యాక్‌ల పేర్లు ఒక్కొక్కటీ వస్తున్నాయి. ఒక్కొక్క పేరుకీ లెస్టర్, "వీడా? వీడు మావాడి బూట్లు మొయ్యలేడు!" అని అరుస్తున్నాడు. ఆరో రౌండ్‌కి అరుపు తగ్గింది. కెంట్రెల్ ఒళ్ళో పళ్ళెం అలాగే ఉంది. చీమలు పడితే నేనే తీసేశాను.

ఏడో రౌండ్ మధ్యలో ఫోను మోగింది.

పెరడంతా లేచి నిలబడింది. లావెర్న్ "ప్రభువా!" అని నోరు మూసుకుంది. కెంట్రెల్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఫోను చెవికి పెట్టుకుని, "ఎస్ సర్," అన్నాడు. ఒక క్షణం విన్నాడు.

"లేదు చిన్న నానమ్మా," అన్నాడు. "ఇంకా లేదు. మేమే చేస్తాం."

మెంఫిస్‌లో ఉండే లావెర్న్ చెల్లెలు. ఊరుకోలేకపోయిందట.

ఆ తర్వాత అది మోగలేదు. ఏరుకోగా మిగిలిన పిల్లల్ని కూడా జట్లు అదే సాయంత్రం ఫోన్లు చేసి పిలుచుకుంటాయి. లావెర్న్ దానికోసం ఛార్జరు కూడా పెట్టింది. చీకటి పడేముందు జనం ఒక్కొక్కరే కుర్చీలు మడిచి, వాడి భుజం తట్టి వెళ్ళిపోయారు.  క్లీవ్ తను గెలిచిన వాదన మీద తనే ఉమ్మేసిన మొహం పెట్టుకుని పోయాడు.

మర్నాడు చర్చి అయ్యాక కెంట్రెల్ హోజీ దగ్గరికొచ్చాడు. నేను ఒడెల్ సమాధి మీద పూలు మారుస్తున్నాను, హోజీ పక్కనే నిలబడ్డాడు.

"బాబాయ్, మిల్లు రోడ్డుకి వస్తావా? ఇంకోసారి కొలువు."

"కొలవను నాయనా," అన్నాడు హోజీ. తర్వాత చెప్పేశాడు. వీడియో సంగతి, రెండడుగుల సంగతి, వేలి సంగతి. చెబుతూ చెబుతూ వాచీ లేసు మెడలోంచి తీయబోయాడు, అది టైకి చుట్టుకుపోయింది. ముసలి వేళ్ళు దాంతో పెనుగులాడుతుంటే కెంట్రెల్ వంగి ముడి విప్పాడు.

"నాకు తెలుసు బాబాయ్," అన్నాడు.

"నీకూ తెలుసా!"

"మొదటేడే కాలేజీలో మిషన్‌తో కొలిచారు. నాలుగు పాయింట్ ఆరే వచ్చింది. మూడేళ్ళూ అంతే వచ్చింది." వాచీని హోజీ చేతిలో పెట్టాడు. "మిషన్‌దే తప్పనుకున్నాను. నువ్వు నన్ను చిన్నప్పట్నుంచీ చూశావు కదా, దానికేం తెలుసు అనుకున్నాను."

 తిట్టి ఉంటే బాగుండేది వాడు. తిట్టలేదు. నానమ్మ ఎదురు చూస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు.

జూన్‌లో కెంట్రెల్ చేపల ఫ్యాక్టరీలో మంచు గదిలో చేరాడు. లావెర్న్ ఇంకా కత్తి పట్టుకునే ఉంది, ఇద్దరూ ఒకే కారులో వెళ్ళొస్తారు. వేరే జట్లేవో ఉన్నాయనీ, కెనడాలో కూడా ఆడతారనీ లెస్టర్ కొన్నాళ్ళు చెప్పాడు. వాడు "చూద్దాం మిస్టర్ లెస్టర్" అనేవాడు. తర్వాత లెస్టర్ కూడా మానేశాడు.

మళ్ళీ వసంతం వచ్చింది, మైదానం మునిగింది. పిల్లలు హోజీ గుమ్మం ముందు చేరారు. వాచీ పాడైపోయిందన్నాడు. పాడవలేదు, డ్రాయర్లో ఉంది, నేను చూశాను. పిల్లలు ఊరుకుంటారా? లెస్టర్‌ని పట్టుకుపోయారు. లెస్టర్ తన ఫోన్‌లో కొలిచాడు. డ్వైట్ అని పదో తరగతి కుర్రాడికి నాలుగు పాయింట్ మూడు వచ్చిందట. లెస్టర్ బొటనవేలు హోజీదానికంటే లావు.

ఆ శనివారం నా షెడ్డులో నిలబడ్డానికి చోటు లేదు. "రాసిస్తాను," అంటున్నాడు లెస్టర్, "మొదటి రౌండ్!" క్లీవ్ కారం సాసు కుమ్మరించుకుంటున్నాడు. డ్వైట్ మూలన నిలబడి చెవులు రిక్కించి వింటున్నాడు. హోజీ చేప ముక్కని వేళ్ళతో చిదుపుతున్నాడు గాని నోట్లో పెట్టుకోవడం లేదు.

అప్పుడే షిఫ్టు దిగి వచ్చాడు కెంట్రెల్, తెల్ల రబ్బరు బూట్లతో.

"ఏరా కెంట్రెల్, నువ్వు చెప్పు, నీకు తెలిసినట్టు ఎవడికి తెలుసు?" అన్నాడు లెస్టర్. "చూశావుగా నిన్న, ఎలా ఉన్నాడు మావాడు?"

షెడ్డంతా వాడి నోటికేసి చూసింది. హోజీ కూడా తలెత్తి చూశాడు. చెప్పరా అన్నట్టు చూశాడు, నాకలాగే అనిపించింది. కెంట్రెల్ ఆ కుర్రాడి మొహం చూశాడు. వాడి కళ్ళు అప్పుడే తోమిన గిన్నెల్లా మెరుస్తున్నాయి.

"నాకంటే స్పీడే," అన్నాడు కెంట్రెల్. "చాలా."

షెడ్డు హోరెత్తిపోయింది. హోజీ పళ్ళెం బల్ల మీద పెట్టి, టోపీ పెట్టుకుని, ఎవరికీ అడ్డం రాకుండా గోడవారగా వెళ్ళిపోయాడు. చేప నోట పెట్టనే లేదు. ఎత్తి కుక్కకి పెట్టాను.