బోర్లించందే నమ్మని శాంసన్ సారు

మా శాంసన్ సారు దేన్నైనా తలకిందులు చేసి చూడందే నమ్మరు.

ఆయన తప్పు కాదు, ఆయన కెమిస్ట్రీ తప్పు. కొవ్వు అరగడానికి మన కాలేయం పైత్య లవణాలు తయారుచేస్తుంది. వాటిని నీళ్ళలో కలిపితే అణువులు గుంపులు కడతాయి, గుంపులు దారాలవుతాయి, దారాలు వలలా అల్లుకుని నీటిని కదలనివ్వకుండా పట్టేస్తాయి. అదే జెల్. అయిందో లేదో తేల్చుకోవడానికి మా ల్యాబులో పద్ధతి ఒక్కటే: ట్యూబు బోర్లించాలి. జారితే నీళ్ళు, నిలిస్తే జెల్. ముప్పై ఏళ్ళు ఇదే పని చేసిన చెయ్యి బయటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా?

తార్నాక మెస్సులో పెరుగు గిన్నె బోర్లించి, "ఇది పెరుగు కాదమ్మా విజయశ్రీ, నీళ్ళు," అని తీర్పు చెప్పారు. తీర్పంతా నా చీర మీద పడింది. ఇంట్లో పాస్టరుగారి కోసం సారు భార్య ప్రమీలమ్మగారు చేసిన జున్ను గిన్నెని ఆ పాస్టరుగారి ఒడికి పైనే బోర్లించారు. జున్ను నిలిచింది. "చూశారా!" అని సంబరంగా గిన్నె ఊపారు. అప్పుడు పడింది.

"ఈయనతో కాపురం చేసినందుకు నాకు పరలోకంలో చోటు ఖాయం పాస్టరుగారూ," అన్నారు ప్రమీలమ్మగారు తువ్వాలందిస్తూ.

ఈ నవ్వులు ఎంతోకాలం సాగలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముదిరింది. క్యాంపస్‌లో రోజూ లాఠీలు, బాష్పవాయువు. హాస్టళ్ళలో పొయ్యి వెలగడం లేదు. ఆ వారమే ఉద్యమం కోసం ప్రాణం తీసుకున్న ఒక కుర్రాడి శవం వెనక నడిచి వచ్చాం. సారు దగ్గర నాతోపాటు పీహెచ్‌డీ చేస్తున్న రాజలింగు ల్యాబులో కన్నా ఊరేగింపుల్లోనే ఎక్కువ కనిపించేవాడు. జెల్‌ని కదపకుండా కాచుకోవాలి. వీడికేమో కాలు నిలవదు. మూడు వారాలుగా వాడి ట్యూబు బోర్లిస్తే అంతా సింకులోకే.

"ముందు జెల్ తెప్పించరా, తర్వాత రాష్ట్రం తెప్పిద్దువుగాని," అన్నారు సారు.

"మీది గుంటూరు సార్. మా బాధ మీకేం ఎరుక?" అన్నాడు రాజలింగు.

సారు మొహం చిన్నబోయింది. నాకైతే ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర లాఠీచార్జి. రాజలింగు పగిలిన తలతో ల్యాబులోకి పరిగెత్తుకొచ్చాడు. వెనకే మెట్ల మీద బూట్ల చప్పుడు. దొరికితే కేసు, కేసైతే ఫెలోషిప్పు పోతుంది, వాడి చదువు అక్కడితో సరి. సారు తన తెల్లకోటు వాడికి తొడిగి, స్టూలు మీద కుదేసి, చేతికో ట్యూబిచ్చారు.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. "వీడు గేటు కాడ ఉన్నోడేనా? తల మీద ఆ రక్తమేంది?"

"నేనే కొట్టాను," అన్నారు సారు.

జన్మలో ఎవర్నీ గట్టిగా కసిరి ఎరగని మనిషి!

"మీరా? ఎందుకు?"

"మూడు వారాలుగా జెల్ రావట్లేదు. ఒళ్ళు మండి ఈ ఇనప స్టాండుతో ఒక్కటిచ్చాను."

"గంత దానికే తల పగలగొడతరా?"

"మీరే చూడండి!" సారు ట్యూబు లాక్కుని బోర్లించారు. నీళ్ళన్నీ ఇన్‌స్పెక్టరు బూట్ల మీద పడ్డాయి. "పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చుని వీడు చేసిన నిర్వాకం ఇదీ! మీరైతే కొట్టరూ?"

ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు.

"నన్నూ రెండుసార్లు కొట్టారు సార్," అన్నాను. గదినిండా బాష్పవాయువే కనక కన్నీళ్ళకి కొదవలేదు.

"కేసు పెడతవారా?" అని రాజలింగుని అడిగాడు.

"వద్దు సార్. మా సార్ మంచోడే. కోపం జర ఎక్కువ."

"సదువు చెప్పెటోళ్ళు పిల్లల్ని గిట్ల కొడతరా? సిగ్గుండాలె!" అని సారుని నానా మాటలూ అని దిగిపోయాడు. బయట పిల్లల ఎముకలు విరగ్గొట్టి వచ్చిన పెద్దమనిషి చెప్పే నీతులు! కిటికీలోంచి చూస్తే దొరికినవాళ్ళని జుట్టు పట్టి వ్యానెక్కిస్తున్నారు.

"మా దోస్తులు సార్..." రాజలింగు వెక్కి వెక్కి ఏడ్చాడు.

సారు వాడి తలకి కట్టు కట్టారు. "పద, స్టేషనుకి వెళ్దాం. నేనింకా ఎవరెవర్ని కొట్టానని చెప్పాలో దారిలో పేర్లు చెప్పు."

ఏడుపులోనే వాడికి నవ్వొచ్చింది. "నా జెల్ మళ్ళ పాయె గద సార్?"

"అవి ఉత్త నీళ్ళురా. నీ ట్యూబు అల్మరాలో ఉంది. కట్టినట్టే ఉంది."

"బోర్లించి చూసిన్రా?"

"లేదు. పొద్దున్నుంచీ దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను, ప్రాణం పోయిందనుకో. నీ జెల్ నువ్వే బోర్లించాలి."

రాజలింగు ట్యూబు తీసి బోర్లించాడు. ఒక్క చుక్క కూడా జారలేదు.

"ఒరేయ్, ఒక్కసారి ఇలా ఇవ్వరా!" అని సారు చెయ్యి చాపారు.