యూదుల సమాధులకు కాపున్న సింహాచలమత్త

మా మేనత్త సింహాచలమ్మ ఇక లేదని, మలేసియాలోని క్లాంగ్ పట్నంలో నేను పనికి బయలుదేరుతుండగా ఫోన్ వచ్చింది. విన్న మాట మనసుకెక్కలేదు. అంతకుముందు ఆదివారమే కదా, ‘వానలొచ్చీసినాయి, గడ్డి ఎదిగిపోతంది, ఒకసారి రా లా!’ అని, చివర ఇక్కడి మలయ్ ‘లా’ తగిలించి ఫోన్లో నన్ను కేకలేసింది.

పెరాక్ రాష్ట్ర తీరాన మా పాత రేవు పల్లెలో ఒకనాడు కొన్ని యూదు కుటుంబాలు వర్తకం చేసుకుంటూ బతికాయి. వారంతా దేశాలు పట్టిపోగా శ్మశానవాటిక ఒక్కటే మిగిలింది. దానికి మా మామయ్య కాపలాదారు. ఆయన గతించాక ఆ బాధ్యతను అత్త శిరసావహించింది. ఎక్కడెక్కడి నుంచో యాత్రగా వచ్చే వృద్ధులను చేయి పట్టి నడిపించేది. వారు ప్రార్థన చేస్తుంటే చెప్పులు విడిచి ఓ పక్కన నిలబడేది.

“వాళ్ల దేవుడు వేరు కదత్తా?” అన్నాను ఒకసారి.

“దేవుడి సంగతి నాకేటి తెలుసు? పడుకున్నోల్లు ఆల్ల అమ్మా బాబులు కదేటి?” అంది.

కొన్నేళ్ల క్రితం ఆస్ట్రేలియా నుంచి మిరియమ్ అనే వృద్ధురాలు వచ్చింది. పసితనంలోనే కన్నుమూసిన తన అక్క సమాధిని వెతుక్కుంటూ వచ్చిందామె. ఆమె ఇంగ్లీషు అత్తకు తెలుగులో చెప్పడానికి నేను వెళ్లాను. ఆమె తెచ్చిన పాత ఫొటోలోని చిన్న రాయి ఎక్కడా కనబడలేదు.

“వరదకు పోయిందని చెప్పేద్దామత్తా,” అన్నాను.

అత్త ముఖం పాలిపోయింది. “అబద్దమాడకు. మీ మావ పోయిన ఏడు, గడ్డి కోసే మిషను పట్టడం రాక ఆ రాయిని నానే ఇరగ్గొట్టీసినాను. పని తీసేస్తారని బయపడి దాసీసినాను. ఆయమ్మకి అంతా సెప్పీ.”

ఇంట్లోకి వెళ్లి, పాత చీరలో చుట్టిన మూడు ముక్కలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. నేను తలవంచుకుని జరిగింది చెప్పాను. మిరియమ్ నేలమీద కూర్చుని ముక్కలు ఒకదానికొకటి చేర్చింది. బయటి రాళ్ల మీది రాతలను ఉప్పుగాలి తినేసింది. దీని మీద మాత్రం పేరు స్ఫుటంగా ఉంది.

“ఈమె దాచకపోతే నేను మా అక్క పేరు చదవగలిగేదాన్ని కాదు,” అంది.

నేను తెలుగులో చెప్పినా అత్త ఊరట చెందలేదు. “తప్పు తప్పే. మన్నించమన్నానని సెప్పు.”

మిరియమ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. మర్నాడు మేస్త్రీ వచ్చి రాయిని అతికించి నిలబెడుతుంటే, ఇసుక అత్తే మోసింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

అత్త మరణవార్త నేనే మిరియమ్‌కు తెలియజేశాను. “నేను వస్తాను, ఆమె సమాధి ఎక్కడ?” అని అడిగింది. మాకు సమాధులుండవని, అస్థికలు సముద్రంలో కలిపామని చెప్పాను.

“అయితే ఆమె ఊడ్చిన చోటికే వస్తాను,” అంది.

రానీ. గేటు తెరవడానికి నేనుంటాను. ఆ పుణ్యమూర్తి స్థానంలో నిలబడగలవాళ్లు మాత్రం మా వంశంలో ఎవరూ లేరు. అత్తా, నీ పాదాలకు నా నమస్కారం.