శవం నర్సయ్య కుడిచెయ్యి

జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు రాఘవేంద్ర ఫోనులో వెంకటనర్సయ్య పేరు 'శవం నర్సయ్య' అనే ఉంటుంది. నటుణ్ణవుతానని మెదక్ నుంచి వచ్చిన మనిషి, పెళ్ళిలో జనంలో ఒకడై, కోర్టులో జనంలో ఒకడై, ఆఖరికి పాడె మీద స్థిరపడ్డాడు. ముక్కు మీద ఈగ వాలినా కదలడు. హీరో కన్నీళ్ళు మొహం మీద పడినా రెప్ప ఆడించడు. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి కదా, ఈయనకి ఇదీ!

ఆ రోజు ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఆయన హీరోగారి తండ్రి శవం. ఇనుప మంచం మీద పడుకోబెట్టి, కుడిచెయ్యి పక్క కమ్మీ మీంచి కిందికి వేలాడేశారు. మొదటి షాటు అయ్యింది. ఆ తర్వాత హీరోగారికి డైలాగు నోరు తిరగలేదు, విసుక్కుని కారవాన్‌లోకి వెళ్ళిపోయాడు.

"పెద్దాయనా, చెయ్యి ఇలాగే ఉండాలి, లేకపోతే ముందు షాటుతో కలవక కంటిన్యుటీ పోతుంది" అని అసిస్టెంటు డైరెక్టరు ఫోనులో ఫొటో తీసుకుని టీకి పోయాడు.

లేచి కూర్చోవచ్చు. ఎవరూ వద్దనలేదు. కానీ లేస్తే ఆయన శవం నర్సయ్య ఎలా అవుతాడు? అలాగే పడున్నాడు. చంకకింద కమ్మీ నొక్కుకుని చేతినిండా చీమలు పాకినట్టు తిమ్మిరెక్కింది. పళ్ళబిగువున ఓర్చుకున్నాడు. కాసేపటికి తిమ్మిరి పోయింది. చెయ్యి దారికొచ్చిందిలే అనుకుని లోలోపల మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

ఎప్పటికో హీరోగారు తిరిగొచ్చి షాటు ముగించి, కట్ అన్నాక లేచి చూసుకుంటే మణికట్టు వాలిపోయి ఉంది. ఎత్తుదామంటే లేవదు, వేళ్ళు చాపుదామంటే చాచుకోవు.

భార్య నీలమ్మ జూబ్లీ హిల్స్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. వాళ్ళు చెబితే నరాల డాక్టరు మంజులత దగ్గరికి తీసుకుపోయింది. ఆవిడ కమ్మీ నొక్కిన చోటికి పైన చిన్న షాకిచ్చింది. వేళ్ళు కదల్లేదు. నొక్కిన చోటికి కింద, మోచేతి దగ్గర ఇచ్చింది. వేళ్ళు టక్కున లేచాయి. నీలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"నరంలో పోయేది తీగలో పారే కరెంటు లాంటిది కాదు పెద్దాయనా" అంది మంజులత. "నరం బయట సోడియం, అంటే మన ఉప్పులో ఉండేదే, ఎక్కువగా ఉంటుంది. నరం పొరలో సన్నటి తలుపులుంటాయి. మెదడు 'లేపు' అనగానే ఒక తలుపు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. దాంతో పుట్టిన కరెంటు ముందున్న తలుపు తెరుస్తుంది, అది ఆ ముందుది. అలా గెంతుకుంటూ కండ దాకా వస్తుంది. నరం మీదుండే కొవ్వు తొడుగు వల్లే ఆ గెంతడం. మీకు కమ్మీ కింద తొడుగు నలిగింది. లోపలి పోగు బతికే ఉంది. కొన్ని వారాల్లో తొడుగు మళ్ళీ వస్తుంది. ఆ చోట మాత్రం మళ్ళీ బరువు పడకూడదు. పడితే పోగే తెగుతుంది."

మణికట్టుకు పట్టీ వేసి పంపింది. వారం గడిచిందో లేదో రాఘవేంద్ర ఫోను చేశాడు.

"నర్సయ్యా, ఆ సీనుకి ప్యాచ్‌వర్క్ ఉంది, మిగిలిపోయిన ముక్కలు తియ్యాలి. క్లోజప్పులో నీ మొహమే కావాలి. రానంటే ఇకమీదట నిన్ను పిలిచేవాడెవడు?"

"చెయ్యి పోతదయ్యా" అంది నీలమ్మ. "డాక్టరమ్మ జెప్పింది మర్చినవా?"

"రొండు షాట్లే అన్నరు. ఫికర్ జెయ్యకు" అని పట్టీ విప్పేశాడు.

సెట్లో చెయ్యి కమ్మీ మీద పెట్టబోతూ బతిమాలుకున్నాడు. "బాబూ, కింద జర గుడ్డ బెట్టరాదు?"

అసిస్టెంటు ఫోనులో ఫొటో చూసి, "ఫ్రేములో పడుతుంది పెద్దాయనా" అన్నాడు.

ఆ రోజు హీరోగారికి ఎక్కడలేని ఏడుపూ తన్నుకొచ్చింది. జిమ్ములో పెంచిన ఒళ్ళంతా తెచ్చి తండ్రి మీద పడేశాడు, ఆ చేతి మీదే. డైరెక్టరు కట్ చెప్పడానికి మనసొప్పక అలాగే చూస్తూ ఉండిపోయాడు. కింద నర్సయ్య ప్రాణం విలవిల్లాడింది. రెప్ప ఆడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, హీరోకి.

పది రోజుల తర్వాత మంజులత మళ్ళీ పరీక్ష చేసింది. మోచేతి దగ్గర షాకిచ్చింది. వేళ్ళు లేవలేదు. ఇంకాస్త పెంచి ఇచ్చింది. నీలమ్మ ఆ వేళ్ళకేసి కన్నార్పకుండా చూసింది. అవి అలాగే వేలాడుతున్నాయి.

"పోగు తెగిందమ్మా. తెగిన చోట నుంచి కిందదంతా చచ్చిపోయింది" అంది మంజులత. కొత్త పోగు మొలిస్తే మొలవచ్చు, మాటివ్వలేనంది.

ఇంటికొచ్చిన కాసేపటికే రాఘవేంద్ర ఫోను. నర్సయ్య ఎడంచేత్తో ఎత్తాడు.

"మొన్న తీసిన షాట్ల రషెస్ చూసి డైరెక్టర్ గారు నీ చెయ్యి గురించే మాట్లాడుతున్నారయ్యా! అచ్చం చచ్చిన చెయ్యేనట. ఇంకో సినిమాకి కూడా నిన్నే అడిగారు. రేపు పొద్దున్నే రా."

నర్సయ్య మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో డైరెక్టరు నోట ఆయన మాట రావడం ఇదే మొదలు. "వస్త సార్, తప్పకుండ వస్త" అన్నాడు.

తెల్లారి లేచి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టమని నీలమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె ఏడుస్తూ పెట్టింది.