తప్పాల్సిన పరీక్ష

ఆ డ్రైవింగ్ స్కూలాయన్ని అందరూ పాస్ మాస్టారు అనేవాళ్లు. ముప్పై ఏళ్లలో ఆయన దగ్గర నేర్చుకుని పరీక్ష తప్పినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బండి నడపడం వచ్చిందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఇన్‌స్పెక్టరు ఎక్కడ ఆపమంటాడో, ఏ మలుపులో రివర్స్ అడుగుతాడో అన్నీ ముందే బట్టీ పట్టించేవాడు.

అలాంటి మనిషి భార్యకి మతిమరుపు పట్టుకుంది. పాలు పొంగిస్తే నవ్వుకున్నారు. సొంత వీధిలోనే దారి తప్పితే, ముక్కూమొహం తెలియనివాళ్లు ఇంటికి తెచ్చి దింపిన రోజు మాత్రం ఆయనకు నవ్వు రాలేదు. పెద్దాసుపత్రిలో ఈ జబ్బుకి కొత్త మందు పరిశోధన జరుగుతోందనీ, తొలిదశలో ఉన్నవాళ్లని చేర్చుకుంటున్నారనీ విని ఆమెను తీసుకుని పరిగెత్తాడు.

అక్కడి డాక్టరమ్మ గుర్తుపెట్టుకోమని ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అవేంటో అడిగింది. ఆమె ఒక్కటీ చెప్పలేకపోయింది. వారం తర్వాత మళ్లీ ఇదే పరీక్ష పెట్టి, అప్పుడు తేలుస్తామన్నారు. పరీక్ష అన్నాక ఈయన ఊరుకుంటాడా? తప్పితే మందివ్వరనుకున్నాడు, పిచ్చి మారాజు! వారమంతా పొద్దునా సాయంత్రం అవే మాటలు వల్లె వేయించాడు. ఆమె విసుక్కుంది, ఏడ్చింది. అయినా వదల్లేదు.

వారం తర్వాత పరీక్షలో ఆమె ఐదు మాటలూ గడగడా ఒప్పజెప్పేసింది. ఇంత బాగా గుర్తున్న మనిషిని చేర్చుకోలేమని డాక్టరమ్మ చెప్పాక గానీ ఆయనకు తన నిర్వాకం తెలిసిరాలేదు. ఉన్నదంతా ఒప్పుకుని కాళ్లావేళ్లా పడ్డాడు. నేర్పించిన పరీక్ష లెక్కలోకి రాదనీ, రూలు ప్రకారం ఆర్నెల్లు ఆగి రావాలనీ చెప్పి పంపేశారు.

అతితెలివి కొంప ముంచింది. ఆ ఆర్నెల్లలో ఆమె బొత్తాలు పెట్టుకోవడం మర్చిపోయింది. స్నానమంటే భయపడి కేకలు పెట్టేది. కట్టుకున్నవాణ్ణి పట్టుకుని, మీ ఇంటికి ఎప్పుడు వెళ్తారండీ అని మర్యాదగా అడిగేది.

ఆర్నెల్లు నిండాక వెళ్తే డాక్టరమ్మ కొత్త మాటలు చెప్పింది. ఆమె కిటికీ కేసి చూస్తూ కూర్చుంది, నోరు విప్పలేదు. మాస్టారి మొహం వెలిగిపోయింది. జన్మలో మొదటిసారి, ఒక మనిషి పరీక్ష తప్పినందుకు సంతోషించాడు.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, జబ్బు తొలిదశ దాటిపోయిందని చెప్పింది. ఇక ఈ మందు ఇవ్వడానికి వీల్లేదంది.

"ఈసారి నేనేం నేర్పలేదమ్మా," అన్నాడు మాస్టారు. "ఒక్క మాట కూడా నేర్పలేదు."

"తెలుసండీ," అంది డాక్టరమ్మ.