ఇసుకలో ఇరుక్కున్న బండి, మంచం దిగని డ్రైవరు

2005 వేసవి. మణుగూరు దగ్గర అడవి అంచున ఉన్న ఒక మిషన్ ఆస్పత్రిలో, మగవాళ్ల సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. కిటికీ ఊచల మీద పొద్దున తుడిచిన బొగ్గు పొడి మధ్యాహ్నానికి మళ్లీ పేరుకునేది. వార్డులో ఒక వరుసంతా లారీ డ్రైవర్లు, గని కూలీలు. ఎదుటి వరుసలో ములకలపల్లి వైపు అడవి ఊళ్ల నుంచి వచ్చిన రైతులు.

నర్సు పనంటే సూదులు, మాత్రలు అనుకుంటారు చాలామంది. ఎముకల కేసుల్లో మా అసలు పని ఆపరేషన్ అయ్యాకే మొదలవుతుంది. దాన్ని మొబిలైజేషన్ అంటాం. అంటే మనిషిని మంచం దింపి, నిలబెట్టి, నడిపించడం. అది ఆలస్యమైతే మోకాలు బిగుసుకుపోతుంది, వీపు మీద పుండ్లు పడతాయి, కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కూడా ఉంది. మా ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు లేరు. డాక్టరు గారు ఎముక అతికిస్తే, మనిషిని లేపే బాధ్యత మాది.

ఆ వేసవిలో నాకు దొరికిన పేషెంటు నాగభూషణం. బొగ్గు టిప్పర్ డ్రైవరు, నలభై దాటిన మనిషి. కుడి తొడ ఎముక విరిగింది. డాక్టరు గారు ఆపరేషన్ చేసి నెయిల్ వేశారు. నెయిల్ అంటే గోడకు కొట్టే మేకు కాదు, ఎముక లోపల ఈ చివర నుంచి ఆ చివరిదాకా దూర్చే కడ్డీ.

"ఎట్లా పడ్డావయ్యా?" అని చేరిన రోజే అడిగాను, కేస్ షీటులో రాయాలి కదా.

అతను చెప్పేలోపే భార్య సుగుణ అందుకుంది. "నన్నడుగు సిస్టరమ్మ, నేను చెప్త. అంగారకుడి మీద ఏదో బండి తిరుగుతుందట. దాని వార్త టీవీల వస్తదని డాబా ఎక్కిండు కేబుల్ వైరు సర్దేటందుకు. బండి అక్కడ మంచిగనే ఉన్నది. ఈయన ఇక్కడ కింద పడ్డడు."

నాగభూషణం కళ్లు మూసుకునే అన్నాడు: "బొమ్మ మంచిగొచ్చింది లే."

అంతకుముందు సంవత్సరమే అమెరికా వాళ్లు అంగారకుడి మీద రెండు రోవర్లు దింపారు. రోవర్ అంటే మనిషి లేకుండా తిరిగే ఆరు చక్రాల బండి. ఎండతో కరెంటు తయారుచేసుకుంటుంది. ఇక్కడి నుంచి సిగ్నల్ పంపితే అక్కడ కదులుతుంది. ఒకటి ఆ గ్రహానికి ఈ పక్కన, రెండోది ఆ పక్కన. పేపర్లో ఫోటో పడ్డ రోజు నుంచి నాగభూషణం వాటిని వదల్లేదు.

"అంత ఇష్టమా?" అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"ఇష్టం గాదు సిస్టరమ్మ, అనుమానం. డ్రైవరు లేకుండ బండి నడుపుతమంటున్రు. రేపు గవే మణుగూరుకొస్తే మా బతుకేంది? అందుకే దాని మీద ఓ కన్నేసి పెట్టిన." అని పేపరు మడిచి, "కానీ మంచి బండి. పాపం, ఒక్కతే తిరుగుతది" అన్నాడు.

కుట్లు ఆరాయి, ఎక్స్‌రే బాగుంది. వాకర్ తీసుకుని అతని మంచం దగ్గరికి వెళ్లాను. అతను పేపరు గుండెల మీద పెట్టుకుని ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఈ రోజు నిలబడాలి నాగభూషణం."

"ఇయ్యాల గాదు సిస్టరమ్మ. బండి ఇరుక్కున్నది."

రెండిట్లో ఒక రోవర్ ఇసుక దిబ్బలో కూరుకుపోయిందట. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. లోపలి పేజీలో చిన్న వార్త.

"దానికీ నీ కాలికీ ఏం సంబంధం?"

"డాబా మీద దాని కోసమే పడ్డ. అది లేచిన దినం నేను లేస్త. అట్లనుకున్న, అంతే."

మొండితనం అనుకున్నాను. మర్నాడు డ్రెస్సింగ్ మారుస్తుంటే గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "ఇరుక్కున్న బండిని యాక్సిలరేటర్ తొక్కి రేజ్ చేస్తే ఏమైతదో నాకెరుక. ఇంక లోపలికి పోతది. నేను బలం పెట్టి నిలబడితే లోపలున్న కడ్డీ వంగితే? మళ్ల కోస్తరు గద?"

అది భయం. కడ్డీ వంగదని డాక్టరు గారు చెప్పారు, ఎక్స్‌రే చూపించి నేనూ చెప్పాను. నేను సువార్తికుడి కూతుర్ని, వాక్యం వింటూ పెరిగినదాన్ని. ప్రభువు పక్షవాతంతో పడి ఉన్న మనిషిని పరుపెత్తుకుని లేచి నడవమన్న సంగతి కూడా చెప్పాను. నాగభూషణం శ్రద్ధగా విన్నాడు.

"ఆయన దేవుడు సిస్టరమ్మ. నువ్వు నర్సువి."



ఇంతలో టిప్పర్ ఓనర్ కబురు పంపాడు. ఇతని బదులు తోలుతున్న డ్రైవరు టిప్పర్‌ని గుల్ల చేస్తున్నాడట. నాగభూషణం వానలు పడేలోపు రాకపోతే ఆ సీటు ఇంకొకరికి పర్మనెంట్. సుగుణ ఆ మాట నాకు చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతని తొడ కండ అప్పటికే కరగడం మొదలైంది. మోకాలు వంచుతుంటే గట్టిగా తగులుతోంది.

రౌండ్స్‌లో డాక్టరు గారు విసుక్కున్నారు. "ఇంత చిన్న విషయానికి ఏమిటమ్మా? బండి బయటికొచ్చిందని చెప్పెయ్. వెళ్లి చూసొస్తాడా?"

"అబద్ధం చెప్పలేను సార్."

"కాలు కోసమే కదా."

"కాలు కోసం చెప్తే రేపు నేను పల్స్ బాగుందన్నా నమ్మడు సార్."

నేను చెప్పకపోతేనేం, సుగుణ చెప్పింది. మర్నాడు టిఫిన్ గిన్నె మూత తీస్తూ, చాలా మామూలుగా అంది: "బండి బయటికొచ్చిందట. పొద్దుగాల రేడియోల చెప్పిండ్రు."

నాగభూషణం లేచి కూర్చున్నాడు. "ముందుకొచ్చిందా, ఎనుకకొచ్చిందా?"

సుగుణ నా వైపు చూసింది. నేను థర్మామీటరు వైపు చూశాను.

"పక్కకు."

"పక్కకా! ఆరు చక్రాల బండి పక్కకెట్ల వస్తదే?"

"నాకేమెరుక? పెద్ద పెద్దోళ్లు చేసిన్రు, వస్తదేమో!"

అతను మళ్లీ పడుకున్నాడు. ఆ రోజు ఇడ్లీ కూడా ముట్టలేదు.

మా ఆస్పత్రిలో ఒక అలవాటు ఉంది. పొద్దున డ్యూటీ ఎక్కగానే వార్డు మధ్యలో నిలబడి ప్రార్థన చేస్తాం. ముందు ఒక్కో పేషెంటును, ఏ మతం వాళ్లయినా సరే, దేని కోసం ప్రార్థించాలో అడుగుతాం. దాన్నే ప్రార్థన అంశం అంటాం. ఒకరు జ్వరం అంటారు, ఒకరు బిడ్డ పెళ్లి అంటారు. ఆ పొద్దున నాగభూషణం చెయ్యెత్తాడు.

"అంగారకుడి మీద ఇరుక్కున్న బండి."

వార్డంతా నా ముఖమే చూస్తోంది. యంత్రం కోసం ప్రార్థించవచ్చా అని ఒక్క క్షణం తటపటాయించాను. తర్వాత మా నాన్న గుర్తొచ్చారు. ఆయన తన సైకిలు చైను కోసం కూడా మోకరించేవారు. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఆకాశములో నీవు చేసిన ఆ ఎర్రని నేల మీద చిక్కుబడిన వాహనమును జ్ఞాపకం చేసుకో" అన్నాను. ఎదుటి వరుసలోంచి అందరికంటే ముందు "ఆమెన్" వినపడింది.

ఆ గొంతు లచ్చయ్య తాతది. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన కోయ పెద్దమనిషి. ప్రార్థన అయ్యాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"అమ్మా, ఆ బండి తోలేటోళ్లు అక్కడి నేలను అడిగిండ్రా?"

"ఏమని తాతా?"

"మేము ఏడాదికోపాలి భూమికి పండుగ చేసినంకనే నాగలి కడ్తం. అడగకుండ గీకొద్దు. ఈళ్లు పొయ్యిండ్రు, దిగిండ్రు, గీకిండ్రు. పట్టుకున్నది. పట్టుకోదా మరి?"

"ఆ నేలను చేసిన దేవుణ్నే అడిగాను కదా తాతా."

"అడిగినవ్ లే. గట్టిగ అడుగు. దూరం గద."

రోజూ అడిగాను. పేపర్లో మాత్రం మళ్లీ వార్త రాలేదు. డ్యూటీ దిగాక ఆస్పత్రి ఎదురుగా ఉన్న నెట్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడ కూర్చునే కుర్రాయన నన్ను చూసి, "అమెరికా నర్సు పరీక్షనా సిస్టర్?" అన్నాడు.

"కాదు. అంగారకుడి గురించి చూడాలి."

"అబ్బో! అక్కడ గూడ ఖాళీలున్నయా?"

ఇంగ్లీషు పేజీ ఒక్కోటి తెరుచుకునేసరికి ప్రాణం పోయేది. కానీ అక్కడ దొరికింది నాకు కావలసింది. ఆ శాస్త్రవేత్తలు తొందరపడి బండిని లాగడం లేదు. అచ్చం అలాంటి బండినే భూమ్మీద ఇంకొకటి పెట్టుకున్నారు. ఒక గదిలో ఇసుక లాంటి మట్టి కలిపి పోసి, దాన్ని కావాలనే అందులో కూరుకుపోనిచ్చి, ఎలా తిప్పితే బయటికి వస్తుందో సాధన చేస్తున్నారు. ఇక్కడ తేలాకే అక్కడికి సిగ్నల్. అప్పుడు కూడా చక్రం ఎంతో తిరిగితే బండి కదిలేది గోరంతే.

మర్నాడు పొద్దున ఆ సంగతంతా నాగభూషణానికి చెప్పాను. అతను మోచేతుల మీద పైకి లేచాడు.

"అంటే ముందు ఇక్కడ ట్రయల్ చేస్తున్రా?"

"అవును. ఇక్కడి బండి చెడినా పరవాలేదు, అక్కడిది భద్రంగా ఉండాలని."

"మంచి మెకానిక్కులే."

"నువ్వు నడవొద్దు నాగభూషణం. అది లేచిన రోజే నడువు. అప్పటిదాకా ఇక్కడి బండిలాగా ట్రయల్ చెయ్యి. ట్రయల్ అంటే నడక కాదు కదా."

వాకర్‌ని ఒకసారి చేత్తో ఊపి చూశాడు. "అదైతే వేరే లెక్క" అని ఒప్పుకున్నాడు. వెంటనే, "మరి ఇసుకేది?" అన్నాడు. రౌండ్స్‌కి వస్తున్న డాక్టరు గారి చెవిన ఆ మాట పడింది. "వార్డులోకి ఇసుక వచ్చిందంటే పేషెంటునీ నర్సునీ కలిపి డిశ్చార్జ్ చేస్తా" అని పక్క మంచానికి వెళ్లిపోయారు.

ఒక చంక కింద నేను, ఇంకో చంక కింద సుగుణ. అతను వాకర్ పట్టుకుని నిలబడ్డాడు. ముందు వాకర్, తర్వాత విరిగిన కాలు, ఆ తర్వాత మంచి కాలు, అదీ వరుస. వాకర్ జరిగింది. "ఇప్పుడు కుడి కాలు" అన్నాను. కాలు కదల్లేదు. అతను ప్రశాంతంగా గోడ వైపు చూస్తున్నాడు.

"నొప్పా?"

"గాదు. సిగ్నల్ ఇంక అందలే. భూమి నుంచి పోవుడుకు టైం పడతది."

సుగుణ నిట్టూర్చింది. "ఇంట్ల గిట్లనే సిస్టరమ్మ. పిలిస్తే మాపటికి పలుకుతడు."

"నాగభూషణం, నువ్వు ఇక్కడి బండివి. అక్కడిది కాదు. నీకు సిగ్నల్ ఆలస్యం ఉండదు."

అతను ఈ వాదనను నాలుగు వైపుల నుంచి పరిశీలించాడు. "అవ్, అదైతే నిజమే" అన్నాడు. కుడి కాలు లేచింది, గోరంత ముందుకు పడింది. కడ్డీ వంగలేదు. అతని నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. "తిరిగింది చారెడు, కదిలింది చిటికెడు" అన్నాడు లచ్చయ్య తాత తన మంచం మీద నుంచి, మంచి మార్కులే వేస్తున్నట్టు.

అలా రోజూ ట్రయల్. మంచం నుంచి తాత మంచం దాకా, అక్కడి నుంచి మందుల బల్ల దాకా, తర్వాత తలుపు దాకా. ఎవరైనా "నడుస్తున్నవే!" అంటే ఒప్పుకునేవాడు కాదు. "నడుస్తలేను, టెస్టింగ్" అనేవాడు. మోకాలు మెల్లగా వంగసాగింది.

జూన్ మొదట్లో ఒక పొద్దున నేను డ్రెస్సింగ్ ట్రాలీతో వార్డులోకి వచ్చేసరికి అతని మంచం ఖాళీ. వాకరూ లేదు. సుగుణ నీళ్లకు వెళ్లింది. బాత్‌రూమ్‌లో చూశాను, లేడు. పడిపోయాడేమోనని వరండాలోకి వచ్చాను. ఇంతలో వరండా ఆ చివర ఓపీ వైపు నుంచి పెద్ద కేక.

"సిస్టరమ్మా! వీల్‌ఛైర్! జల్దీ!"

పరుగెత్తాను. ఓపీ బెంచీ మీద, చీటీల కోసం వచ్చిన జనం మధ్య, చేతిలో పేపరుతో కూర్చున్నాడు. పేపరు ఓపీకే వస్తుంది, వార్డుకు ఎవరో ఒకరు తేవాలి. ఆ రోజు ఎవరూ తేలేదు. ఉండబట్టలేక తనే బయల్దేరాడు.

"బయటికొచ్చింది సిస్టరమ్మ! వచ్చిన దారినే ఎనుకకొచ్చింది. ఇగో, రాసిండ్రు."

"దేవునికి స్తోత్రం! మరి వీల్‌ఛైర్ దేనికి?"

అతను వెనక్కి తిరిగి వరండా వైపు చూశాడు. ఆ పొడవు చూసి ముఖం పాలిపోయింది. "ఇంత దూరం ఎట్లొచ్చిన నేను? అప్పుడు చూసుకోలే. ఇప్పుడు చూస్తే కాళ్లు వణుకుతున్నయ్."

ఓపీలో జనం నవ్వారు. నేను నవ్వుతూనే ఏడ్చాను. వీల్‌ఛైర్ తెప్పించలేదు. అతని పక్కన బెంచీ మీద కూర్చుని, వణుకు తగ్గేదాకా పేపరులో ఆ వార్త మళ్లీ పైకి చదివించుకున్నాను. తర్వాత ఇద్దరం నెమ్మదిగా వార్డుకు వచ్చాం. ఆ నడకకు అతను ఏ పేరూ పెట్టలేదు.

మర్నాటి ప్రార్థనలో కృతజ్ఞతలు చెల్లించాం. లచ్చయ్య తాత నన్ను పిలిచి, "నేను గూడ ఆ నేలకు ఓ మాట చెప్పిన లే" అన్నాడు. గుర్తు చేసినందుకు ఆయనకు వందనాలు చెప్పాను. మహిమ ఎవరిదో నాకు తెలుసు. కుట్లు మానక ఇంకా వార్డులోనే ఉన్న పెద్దమనిషితో వాదానికి దిగడం నర్సు పని కాదు. నాగభూషణాన్ని ఆ రోజు అంశం అడిగితే, "ఆ పక్కన ఇంకో బండున్నది గద, దాన్ని గూడ చూసుకోమను" అన్నాడు.

ఎముక పూర్తిగా కట్టుకోవడానికి వానాకాలం సగం పట్టింది. ఓనర్ గొణుక్కుంటూనే ఆగాడు. నాగభూషణం చివరి రివ్యూకి టిప్పర్ తోలుకుంటూ వచ్చి, ఆస్పత్రి గేటుకు అడ్డంగా నిలిపి, వాచ్‌మన్‌తో తిట్లు తిన్నాడు.

విశ్వాసం ముందు, అడుగు తర్వాత అని చిన్నప్పటి నుంచి విన్నాను, ఇతరులకూ అదే చెప్పాను. ఈ కేసు నాకు ఇంకో వరుస చూపించింది. కొందరికి అడుగే ముందు పడుతుంది, విశ్వాసం వెనకాల వాకర్ పట్టుకుని వస్తుంది. ప్రభువు ఆ రెండు రకాల వాళ్లనూ చేర్చుకుంటాడు. అప్పటి నుంచి మంచం దిగడానికి భయపడే పేషెంటుకు ధైర్యం తెచ్చుకోమని చెప్పడం మానేశాను. "నడవొద్దు, ఊరికే ట్రయల్ వేద్దాం రా" అంటాను. అది అబద్ధం కాదు కదా అని మొదట్లో నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. ఇన్నేళ్లలో ఎంతోమందిని లేపాను, వాళ్లతో పాటు నేనూ నడిచాను. ట్రయల్ కాని నడక ఇంతవరకు ఒక్కటీ కనపడలేదు.