నారదారంతో కుట్టిన శాలువా

అంతియొకయలో షెలోమ్సియోను మగ్గం నదివైపు కిటికీ కింద ఉండేది. ఆమె యూదురాలు, విధవరాలు, యేసును నమ్మిన మనిషి. ప్రభువు రేపోమాపో వస్తాడని మగ్గానికి పొడవైన పడుగు ఎక్కించడం మానేసింది. నాలుగు రోజుల్లో తెగే పని మాత్రమే ఒప్పుకునేది.

"ఏమ్మా, మీ ప్రభువు దారి తప్పాడా?" అని యూదుల సమాజమందిరానికి వెళ్లే ఆడవాళ్లు ఎకసెక్కమాడేవారు.

"వస్తాడు లెండి. మీకు చెప్పే వస్తాడు," అంటూ తనూ వాళ్ల వెంటే నడిచేది. మధ్యాహ్నం మాత్రం గ్రీకు విశ్వాసుల పంక్తిలో, వాళ్లలో త్రుఫైనా అనే ఆవిడ ఇంట్లో భోంచేసేది. షెలోమ్సియోను కోసం ఆ ఇంట పందిమాంసం వండటం మానేశారు.

ఆ చలికాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. ఒక విశ్రాంతి దినాన త్రుఫైనా రెండు ఉన్ని పట్టెలు కలిపి కుట్టిన శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పబోయింది. షెలోమ్సియోను వేలికొసతో కుట్టు తడిమింది. నారదారం. నీళ్లలో నానిన గడ్డిపరకలా చల్లగా తగిలింది. శాలువా అందుకుని, మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"వణుకుతూ ఒళ్లో పెట్టుకుంటావేంటక్కా? నచ్చలేదా?"

"నచ్చకేం. ఉన్నిలో నార కలిస్తే మా ధర్మశాస్త్రం ఒప్పదు, మేం కప్పుకోమే."

"ప్రభువు వచ్చి కుట్లు వెతుకుతాడా?"

"ఆయన వెతకడు. ఆయన వచ్చేదాకా నేనెవరినో నాకు తెలియాలిగా."

"అయితే ఇప్పుడే విప్పెయ్."

"ఇవాళ విశ్రాంతి దినం, విప్పకూడదు."

పంక్తిలో ఎవరో కిసుక్కున నవ్వారు. త్రుఫైనా ముఖం కందిపోయింది. "నా చెయ్యి పడితే మైల, విప్పితే పాపం! నా పక్కన కూర్చుని తినడమెందుకు మరి?" అని రొట్టె తీసుకుని అవతలి చివరకు వెళ్లిపోయింది. షెలోమ్సియోను పక్కన చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆమె తినడం ఆపి లేచింది.

మర్నాడు ఉదయం షెలోమ్సియోను పాత దారమంతా పీకేసి, విడివిడి పట్టెలతో త్రుఫైనా ఇంటి గుమ్మంలో నిలబడింది. చేతిలో ఉన్ని దారపు ఉండ.

"నువ్వే కుట్టివ్వు," అంది.

"ఊరంతటికీ బట్ట నేసేదానివి, నీకు కుట్టడం రాదా?"

"వచ్చు. నేను కుట్టుకుంటే నువ్విచ్చింది కాదుగా."

త్రుఫైనా పట్టెలు అందుకుంది. తర్వాత గడప మీదే కూలబడి, దారం కొస నోట తడిపింది.

"మీ ధర్మశాస్త్రం నాకు అర్థం కాదక్కా."

"పోన్లే. కుట్టు దగ్గరగా పడనీ."

"నాకు నేర్పకు," అంది త్రుఫైనా, పక్కకు జరిగి ఆమెకు చోటిస్తూ.